గోటితో పోయే గీత

నాలుగు గంటలకు చిన్న మేస్త్రిని కోర్టుకు తీసుకువెళతారు. ఇప్పుడు పన్నెండూ పది. హెడ్డమ్మ తన ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంతకన్నా తక్కువ వ్యవధిలో తేల్చిన కేసులున్నాయి. కానీ వాటిలో ఏ ముద్దాయీ ఆమెను పిన్నీ అని పిలవలేదు.

హెడ్డమ్మ అన్నది పేరు కాదు. ఈ స్టేషన్‌లోనే హెడ్‌కానిస్టేబులుగా చేసి దిగిపోయింది. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు. ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. పారిపోయిన గుమాస్తాలు, మాయమైన గొలుసులు, దొంగ వీలునామాలు, ఇలా ఊళ్ళో వాళ్ళ గుట్టు ఊళ్ళో వాళ్ళకే చెప్పి బతుకుతోంది. చిన్న మేస్త్రి ఆమె చనిపోయిన అక్క కొడుకు. కార్లకు రంగు వేస్తాడు. నిన్న సాయంత్రం అతన్ని పట్టుకొచ్చి లోపల వేశారు.

వరండా బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఒక జత చెప్పులు. కూతురి వస్తువులంటూ ఆసుపత్రి వాళ్ళు చేతికిచ్చింది అవే.

"దొరికాడంట కదమ్మా?" అంది ముసలామె, హెడ్డమ్మను స్టేషన్ మనిషే అనుకుని.

"దొరికాడనే అంటున్నారు."

"మా పిల్ల రోడ్డు ఊడ్చేటప్పుడు నారింజ రంగు కోటు వేసుకుంటుంది. గుడ్డివాడిక్కూడా కనపడాలని ఇచ్చారంట ఆ కోటు. మరి వీడికెట్లా కనపళ్ళేదమ్మా?"

హెడ్డమ్మ ఆ మాట వింటూనే లోపలికి నడిచింది. తర్వాత చాలాసేపటికి, ఆ ప్రశ్న దగ్గరే కాసేపు నిలబడి ఉంటే బాగుండేది అనిపించింది ఆమెకు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. లేవాలి మరి. పన్నెండేళ్ళ కిందట మీసం సరిగా రాని రోజుల్లో ఇదే గదిలో అతనికి రిపోర్టు రాయడం నేర్పింది ఆమె.

"కూర్చోండి హెడ్డమ్మా. టీ ఇప్పుడు తాగుతారా, ఓడిపోయాక తాగుతారా?"

"ముందు కేసు చెప్పండి సారూ. టీ చల్లారితే వేడి చేసుకోవచ్చు."

అతను నవ్వి వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.

"సోమవారం సాయంత్రం ఐదింటికి పళ్ళ డాక్టరమ్మ తన కారు మీవాడి షెడ్డులో ఇచ్చింది. ఎడమ పక్క వెనక తలుపు మీద గీత. వాళ్ళింటి గేటు గీసింది. టచప్ చేస్తే పోతుందా, తలుపు మొత్తం రంగు వేయించాలా అని అడిగింది. మీవాడు చూసి చీటీ రాసిచ్చాడు. ఇదిగో."

చీటీ మీద చిన్న మేస్త్రి గుండ్రటి అక్షరాలు. 'గీతలో గోరు దిగలేదు. టచప్ చాలు. తలుపు మొత్తం వేయనక్కర లేదు.'

హెడ్డమ్మకు ఆ పద్ధతి తెలుసు. గీతకు అడ్డంగా బొటనవేలి గోరు లాగుతారు. గోరు జారిపోతే గీత పై పూతలోనే ఉన్నట్టు, టచప్‌తో సరిపోతుంది. గోరు తట్టుకుని ఆగితే గీత రేకు దాకా దిగినట్టు, అప్పుడు తలుపంతా రుద్ది కొత్తగా వేయాలి. ఆ షెడ్డులో తండ్రీ కొడుకులు ఇద్దరిదీ అదే తీర్పు. గోరు మాటే ఆఖరు మాట.

"మంగళవారం పొద్దున ఆరూ ఇరవై," అని ఇంకో వేలు మడిచాడు ఇన్‌స్పెక్టర్. "మెయిన్ రోడ్డు మలుపులో ఊడ్చే మనిషినీ ఆమె చెత్తబండినీ కారు గుద్దింది. మందుల షాపు కెమెరాలో బూడిద రంగు కారు, ఎడమ పక్క మాత్రమే. నంబరు లేదు, మొహం లేదు. బండి ఇనప అంచుకి బూడిద రంగు పెచ్చు అంటుకుని ఉంది. తొమ్మిదింటికి ఆమె ప్రాణం పోయింది. అదే రోజు సాయంత్రం డాక్టరమ్మ వెళ్ళి కారు తీసుకుంటే, ఎడమ పక్క రెండు తలుపులకీ కొత్త రంగు. టచప్ చాలన్నవాడు తెల్లారేసరికి ఎందుకు మనసు మార్చుకున్నాడు? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు పట్టాడు హెడ్డమ్మా?"

"వాడేమన్నాడు?"

"నేనే నడిపాను, నేనే వేశాను అన్నాడు. అడగ్గానే."

"అడగ్గానే ఒప్పుకునేవాళ్ళ గురించి మీకు నేనేం చెప్పాను?"

"ఎవరినో కాస్తున్నారని. మరి వీడెవర్ని కాస్తాడు? పెళ్ళి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఉన్నది ముసలి తండ్రి. ఆయన రంగు గన్ను కింద పెట్టి రెండేళ్ళయింది."

"డ్రైవరు సీటు ఎంత ముందుకుంది? వాడు పొడుగు మనిషి."

"చూశానులెండి. బాగా ముందుకుంది. డాక్టరమ్మ పొట్టి మనిషి, మంగళవారం సాయంత్రం తనే నడుపుకుంటూ ఇంటికెళ్ళింది. ఆ దారి మూసుకుపోయింది. నాలుగింటిలోపు ఇంకో దారి ఉంటే చూసుకోండి." అతను గడియారం కేసి చూశాడు. "పన్నెండూ పాతిక. వాడితో పది నిమిషాలు మాట్లాడండి. అది కూడా మీరు కాబట్టి."

*

చిన్న మేస్త్రి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చెంప ఉబ్బి ఉంది. హెడ్డమ్మ కాపలా కానిస్టేబులు వైపు తిరిగింది.

"చెయ్యి చేసుకున్నారా?"

"ఒట్టమ్మా, మేం వేలు కూడా వెయ్యలేదు. వచ్చేటప్పుడే ఆ బుగ్గతో వచ్చాడు."

"పిన్నీ, నువ్వెందుకొచ్చావు?" అన్నాడు చిన్న మేస్త్రి లేవకుండానే.

"మీ అమ్మ పంపింది. లేచి ఇలా రా. పొద్దున ఆరూ ఇరవైకి కారు రోడ్డెక్కించాల్సిన పనేమిటి?"

"రంగు చూడ్డానికి. టచప్ అంటే పక్కనున్న పాత రంగులో కలిసిపోవాలి కదా. ఎండలో చూస్తే గాని ఛాయ తెలీదు. మన షెడ్డు పడమటి ముఖం, పొద్దుటెండ రాదు. అందుకని మలుపు దాకా తీసుకెళ్ళా."

అది అబద్ధంలా లేదు. ఆ ఇంట్లో అది వేదవాక్కు. ట్యూబులైటు కింద కలిపిన రంగు పెళ్ళిచూపుల్లో మొహం లాంటిదని, మర్నాడు పగలు చూస్తే గాని అసలు సంగతి తెలియదని ఆమె బావ పెద్ద మేస్త్రి ఎప్పుడూ అంటుంటాడు.

"ఎండ ఎదురుగా ఉందా?"

"ఉంది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆమె కనపళ్ళేదు."

"తర్వాత?"

"షెడ్డుకొచ్చి రెండు తలుపులూ రుద్ది, లప్పం పెట్టి, రంగు వేశా."

"అద్దాల చుట్టూ రబ్బరు పట్టీలుంటాయి కదా. వాటికి రంగంటకుండా ఏం చేశావు?"

"టేపు వేశా. ఎప్పుడూ టేపే కదా పిన్నీ, కొత్తగా అడుగుతావేంటి?"

"కలిపిన రంగు ఎక్కడ చూశావు?"

"గుమ్మంలో. పగటి వెలుతుర్లో."

"నోరు తెరు."

"ఏంటి?"

"నోరు తెరవరా."

అతను తెరిచాడు. ఎడమ పక్క, కింది వరసలో, చివరి పన్ను ఉండాల్సిన చోట నల్లటి గుంట ఉంది.

"ఎప్పుడు పీకించుకున్నావు?"

చిన్న మేస్త్రి నోరు మూసుకున్నాడు. పన్ను గురించి మాత్రమే కాదు, ఇక దేని గురించీ తెరవనన్నట్టు మూసుకున్నాడు. ఆ తర్వాత చువ్వలు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"పిన్నీ, ఇది వదిలెయ్. నువ్వు తవ్వేకొద్దీ మనకే లోతు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"చువ్వల్లోంచి కాళ్ళెలా అందుతాయిరా?"

చిన్నప్పుడు ఇలాంటి మాటకు పడిపడి నవ్వేవాడు. ఇప్పుడు తల తిప్పుకున్నాడు.

*

పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి రెండు వీధుల అవతల ఉంది. హెడ్డమ్మ చేరేసరికి ఒంటిగంట. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది.

"మీ కారు గీసినవాడి పన్ను మీరే పీకారా డాక్టరమ్మా?"

"నా కారు గీసింది మా గేటు. అతని పన్ను పీకింది నేను. రెండూ కలపకండి." ఆమె తువ్వాలు తీసుకుంది. "సోమవారం కారు ఇచ్చేటప్పుడే చూశాను, పాపం దవడ పట్టుకుని మాట్లాడుతున్నాడు. పొద్దున్నే రమ్మన్నాను. మంగళవారం ఏడున్నరకి నా మొదటి మనిషి అతనే."

"మంగళవారమేనా?"

"మంగళవారమే. అసలు అంతకుముందే వచ్చి కూర్చున్నాడట, నొప్పి ఆగక. మా నర్సును అడగండి."

నర్సు రిజిస్టరు తిప్పి చూపించింది. చక్కటి చేతిరాత. 'మం. 6.05. రంగుల షెడ్డు. నొప్పి మాత్ర ఇచ్చాను.'

"నేను ఆరింటికి తాళం తీసేసరికి మెట్ల మీద ఉన్నాడమ్మా," అంది నర్సు. "మాత్ర వేసుకుని ఆ బల్ల మీదే పడుకున్నాడు. ఏడున్నరకి నేనే లేపాను. గురక కూడా పెట్టాడు."

హెడ్డమ్మ రిజిస్టరు మీద వేలు పెట్టి లెక్క కట్టింది. ఆరూ ఐదు నుంచి ఏడున్నర. ఆరూ ఇరవై అందులో గుమ్మడికాయలా కూర్చుని ఉంది.

"పోలీసులకి ఈ సంగతి చెప్పలేదేం?"

"వాళ్ళు అడిగింది కారు ఎప్పుడిచ్చారు, ఎప్పుడు తీసుకున్నారు అని. పన్ను గురించి ఎవరడిగారు?" డాక్టరమ్మ కాస్త కినుకగా అంది. "ఎనిమిదిన్నరకి వెళ్ళాడు, నోట్లో దూది పెట్టుకుని. సాయంత్రానికి టచప్ అయిపోతుందని సైగ కూడా చేశాడు. తీరా దీపాలు పెట్టే వేళకి వెళితే రెండు తలుపులకీ కొత్త రంగు. ఇదేంటయ్యా, టచప్ చాలన్నావుగా అంటే నేల చూశాడు. పంటి నొప్పేమో అనుకున్నాను."

హెడ్డమ్మ రిజిస్టరు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే మోకాళ్ళ నొప్పి గుర్తురాలేదు. వాడు కాదు. వాడు కానే కాదు. అక్కా, విన్నావా, నీ కొడుకు గురక పెడుతున్నాడటే ఆ సమయంలో.

ఎనిమిదిన్నరకు కూడా టచపే చేస్తాననుకున్నవాడు, షెడ్డుకెళ్ళి ఏం చూసి మనసు మార్చుకున్నాడన్న ప్రశ్న ఆమె వెనకాలే నడిచి వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఒకటీ నలభైకి ఇన్‌స్పెక్టర్ ఆమెను స్టేషన్ వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. కిటికీలు లేని గది. ట్యూబులైటు కింద బూడిద రంగు కారు. రిజిస్టరు తీసి అతని చేతిలో పెట్టడానికి ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. పెట్టి, ఆగింది. ముప్పై ఏళ్ళ అలవాటు: ముందు చూడు, తర్వాత మాట్లాడు.

"చూడండి పనితనం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "కొత్త రంగు ఎక్కడ మొదలైందో, పాతది ఎక్కడ ఆగిందో చెప్పండి. ఊళ్ళో ఇట్లా కలిపేవాడు ఇంకొకడున్నాడా? ఈ తలుపులే మీవాడి సంతకం."

నిజమే. ట్యూబులైటు కింద కారంతా ఒకే రంగు. హెడ్డమ్మ ముందు తలుపు మీద గోరు లాగింది. నున్నగా జారింది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ అంచున వేలు పెట్టింది. వేలికి జిడ్డు అంటుకుంది. వాసన చూసింది.

గ్రీజు.

ఆమె వేలు ముక్కు దగ్గరే ఆగిపోయింది. అక్క పెళ్ళయిన కొత్తలో, బావ పని ఎలా ఉంటుందో చూడాలని తను షెడ్డుకు పరుగెత్తుకెళ్ళిన రోజులు. అప్పుడు టేపులు లేవు. రబ్బరుకు రంగు పట్టకుండా గ్రీజు పూసి, రంగు ఆరాక గుడ్డతో తుడిచేసేవాడు. టేపు వచ్చి ఇరవై ఏళ్ళయినా బావ మానలేదు. గ్రీజు మేస్త్రి అని కొడుకు ఏడిపించేవాడు. వాడు మాత్రం టేపు తప్ప ముట్టుకోడు. ఇందాక చువ్వల వెనక కూడా టేపనే అన్నాడు. అంటే వేసేటప్పుడు వాడు అక్కడ లేడు.

"కారు బయటికి తోయించండి," అంది.

"ఎందుకు?"

"రంగు ట్యూబులైటు కింద చూడకూడదు."

ఇద్దరు కానిస్టేబుళ్ళు కారును పెరట్లోకి తోశారు. ఎండ పడింది. కారు ఒళ్ళు బూడిద రంగులోనే ఉంది. ఎడమ పక్క రెండు తలుపులు మాత్రం నీలంగా తేలాయి.

"ఇదేంటి సార్," అన్నాడు ఒక కానిస్టేబులు, "పాత చొక్కాకి కొత్త గుడ్డతో మాసిక వేసినట్టుంది."

"కంగారులో వేశాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మనిషిని చంపినవాడికి చెయ్యి వణకదా?"

చెయ్యి వణికితే రంగు బొట్లు కారుతుంది, నీలమవదు. ఆ మాట హెడ్డమ్మ నాలిక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. షట్టరు దించి, ట్యూబులైటు కింద, నీలాన్ని గుర్తుపట్టలేని కళ్ళతో ఎవరో కలిపిన రంగు ఇది. పోయిన నెల బావ నీలం చొక్కా వేసుకొచ్చి, "ఈ బూడిద రంగు నాకు నప్పిందా మరదలా?" అన్నాడు. నప్పింది గాని పెళ్ళికూతురెవరు అని తను ఎగతాళి చేసింది. ఆయన కళ్ళలో పొరలున్నాయని, ఎదురెండలో ఏమీ కనపడదని, ఆపరేషన్ చేయించాలని డాక్టరు చెప్పి ఎనిమిది నెలలైంది. నేను తీసుకెళ్తాలే బావా అన్నది తనే. ఒకసారి దొంగ వీలునామా కేసు అడ్డొచ్చింది, ఇంకోసారి గొలుసు కేసు. రెండుసార్లూ వాయిదా వేసింది తనే.

నారింజ రంగు కోటు. గుడ్డివాడిక్కూడా కనపడాలని.

"సంచిలో ఏముంది హెడ్డమ్మా?" ఇన్‌స్పెక్టర్ గొంతు మెత్తగా ఉంది.

"మాత్రలు. మోకాళ్ళకి."

"లోపలికి వచ్చేటప్పుడు మీ నడకలో గెలుపుంది. ఇప్పుడు లేదు."

"ఎండ."

"సాక్షి నోరు చూడొద్దు, చేతులు చూడు అని నాకు నేర్పింది మీరే."

హెడ్డమ్మ తన చేతుల్ని చూసుకుంది. రెండూ సంచి మూతిని పీక నులిమినట్టు పట్టుకుని ఉన్నాయి. ఆమె నెమ్మదిగా ఒక చెయ్యి వదులు చేసింది. అప్పటికే ఆలస్యమైందని ఆమెకు తెలుసు.

"నాలుగింటిలోపు వస్తాను సారూ."

"రండి. టీ ఇంకా బాకీ ఉంది."

వరండాలో ముసలామె లేచి నిలబడింది. "వాడేనా అమ్మా?"

"నాలుగింటికి చెప్తాను," అంది హెడ్డమ్మ. ఆ చెప్పుల సంచి వైపు మాత్రం చూడలేకపోయింది.

*

షెడ్డుకు ఇరవై నిమిషాల నడక. ఆ ఇరవై నిమిషాలూ హెడ్డమ్మ లెక్క వేసింది. రిజిస్టరు ఇస్తే వాడు బయటికి వస్తాడు. వాడు వచ్చిన గంటలో, మరి నడిపిందెవరు అని అడుగుతారు. ఇవ్వకపోతే ముప్పై ఏళ్ళవాడు నెత్తి నెరిసి వస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నూతిలోనూ తనవాళ్ళే, గోతిలోనూ తనవాళ్ళే. అక్క పోయేముందు తన చెయ్యి పట్టుకుని ఇద్దర్నీ అప్పగించింది. ఒకణ్ణి నిలబెట్టాలంటే ఇంకొకణ్ణి తోసెయ్యమని ఏ మనిషైనా ఎలా చెప్పి పోతుంది?

ఇద్దర్నీ దాచి, ఇంకెవరైనా అని నమ్మించే దారి కూడా ఆలోచించింది. ఆలోచించినందుకు సిగ్గుపడింది. చెప్పుల సంచి గుర్తొచ్చింది.

ఒక్క దారి మిగిలింది. నేరం తనంతట తానే ఒప్పుకున్నవాడికి, కళ్ళు కనపడని ముసలివాడికి, కోర్టు కాస్త జాలి చూపించవచ్చు. బావ తనే నడిచి స్టేషన్‌కు రావాలి. తను వెంట ఉంటుంది. అంతకుమించి ఎవరికీ ఏమీ చేయలేదు.

రెండూ నలభై. పడమటి ముఖం షెడ్డులోకి ఎండ అప్పుడే లోపలికి పాకుతోంది. పెద్ద మేస్త్రి గుమ్మంలో ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. పొట్టి మనిషి. చేతిలో అరచేతి వెడల్పు రేకు ముక్కలు రెండు. ఏ కారుకైనా కలిపిన రంగును ముందు అలాంటి ముక్క మీద వేసి చూడడం వాళ్ళ పద్ధతి.

"మరదలి అడుగే ఇది," అన్నాడాయన తలెత్తకుండా. "ఊళ్ళో దొంగలంతా అయిపోయారా, ఇటొచ్చావు?"

"నీ కొడుకెక్కడ బావా?"

"పక్క ఊళ్ళో ఏదో బస్సుకి రంగట, పది రోజులు రానని వెళ్ళాడు. నిన్న సాయంత్రం పోలీసులు కూడా వచ్చారు, వాడి కోసమే. కాగితాల తనిఖీ అంట, వాడే చెప్పాడు. షెడ్డంతా తిరిగి పోయారు. ఒకడైతే నా మంచం కింద కూడా చూశాడు. అక్కడేముంటుంది, నా పాత చెప్పులు తప్ప."

హెడ్డమ్మ పక్కన ఉన్న ఖాళీ డబ్బా మీద కూర్చుంది. ఆయనకు ఏమీ తెలియదు. వీధి చివర దాటి వెళ్ళని మనిషి. పేపరు చదవలేని కళ్ళు. కొడుకు చెప్పిందే లోకం.

"డాక్టరమ్మ కారుకి రంగు నువ్వే వేశావా?"

పెద్ద మేస్త్రి నవ్వాడు. దొంగతనంగా బెల్లం తిన్న పిల్లాడి నవ్వు.

"చెప్పేశాడా వెధవ? ఎవరికీ చెప్పొద్దని నాకు ఒట్టు పెట్టి, తను నీకు చెప్పాడన్నమాట. ఏం చెయ్యను మరదలా, పాపం వాడు పంటి నొప్పితో పొద్దున్నే ఆసుపత్రికి పోయాడు. చిన్న టచప్పే కదా, వాడొచ్చేలోపు నేనే చేసి ఉంచుదామనుకున్నా. రెండేళ్ళయింది గన్ను పట్టి. చేతులు దురద."

"కారు బయటికి తీశావా?"

"తియ్యకుండా ఎట్లా? పొద్దుటెండలో ఛాయ చూడాలి కదా. మలుపు దాకా వెళ్ళా. ఎదురెండ. తెల్లటి గోడ మీదికి పోతున్నట్టుంది. ఏ తలమాసినవాడో చెత్తబండి రోడ్డు మీదే వదిలేసి పోయాడు. ముందు తలుపు గీసుకుంది. గోరు పెట్టి చూశా, సగం గోరు దిగింది. ఇంకేం టచప్? రెండు తలుపులూ పూర్తిగా వేసేశా, ఛాయ తేడా రాకుండా. వాడు వచ్చాక బండి సంగతి చెప్పా. అక్కడ కూలబడి ఏడ్చాడు. పన్ను పీకితే అంత ఏడుపేంట్రా అన్నా."

"బండి ఒక్కటేనా తగిలింది బావా?" ఆమె చాలా నెమ్మదిగా అడిగింది. "ఇంకేమైనా తగిలిందా?"

ఆయన ఆలోచించాడు. బొటనవేలి గోరుతో రేకు ముక్కను అలవాటుగా గీకుతూ ఆలోచించాడు.

"మెత్తగా ఏదో తగిలినట్టనిపించింది. చెత్త మూట అయ్యుంటుంది, బండిలోంచి పడి." ఆ గోరు ఆగింది. "ఏం? ఎందుకడుగుతున్నావు?"

హెడ్డమ్మ డబ్బాను ఆయనకు దగ్గరగా జరుపుకుంది. ఎంతమంది చేత నిజం చెప్పించిందో లెక్క లేదు. ఒక మనిషికి నిజం చెప్పాల్సి వచ్చేసరికి మాట దొరకలేదు. ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"బావా, మనం ఒక చోటికి వెళ్ళాలి. నువ్వే నడిచి రావాలి. నేను పక్కన ఉంటాను."

"కళ్ళ ఆపరేషన్‌కేనా? మూడోసారైనా మాట నిలబెట్టుకుంటున్నావే. పద, పద. ముందు ఇది చెప్పు." ఆయన రెండు రేకు ముక్కలూ ఎండకేసి ఎత్తి పట్టాడు. ఒకటి బూడిద రంగు, రెండోది నీలం. "పాత రంగు ఏది, నేను కలిపింది ఏది? నిజం చెప్పాలి. బావ కదా అని మొహమాటపడకు. కలిసిందా, లేదా?"

ఆమె జవాబు చెప్పేలోపే రేకుల మీద ఎండ ఆరిపోయింది. నేల మీద పొడుగాటి నీడ పడింది. ఆ నీడ ఎవరిదో తెలుసుకోవడానికి హెడ్డమ్మ తలెత్తనక్కర లేకపోయింది. అయినా ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో అతని మొహమే చెబుతోంది. ఆ మొహంలో గెలిచిన సంతోషం ఏ మూలా లేదు.

పెద్ద మేస్త్రి కళ్ళు చికిలించి గుమ్మం వైపు చూశాడు.

"ఎవరో వెలుతురికి అడ్డం నిలబడ్డారు మరదలా. కాస్త పక్కకి తప్పుకోమను, రంగు చూసుకోవాలి."